కోసేసిన అరగంట

"సైజు తగ్గాలి, క్వాలిటీ తగ్గకూడదు." గుంటూరులో నేను పనిచేసిన స్టూడియోకి వచ్చిన ప్రతి మనిషీ ఈ మాట అన్నాకే కుర్చీలో కూర్చునేవాడు. అవ్వా కావాలి, బువ్వా కావాలి. నేను రెండూ ఇచ్చేదాన్ని. ఆ విద్య జిల్లాలో నాకొక్కదానికే వచ్చన్నంత పొగరుగా ఉండేదాన్ని. ఆ పొగరు ఒక మనిషి ప్రాణం తీసింది, ఇంకో మనిషి పేరు తీసింది. ఇలా రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

మా స్టూడియో మొదట్లో పెళ్ళిళ్ళు తీసేది. రెండు వేల సంవత్సరం దాటాక కంప్యూటరు పాఠాల సీడీలకు గిరాకీ వచ్చింది. స్పోకెన్ ఇంగ్లీషు, ఇంటర్ ఫిజిక్సు, కుట్టుపని, ఏదైనా సరే సీడీలో పెట్టి అమ్మేవాళ్ళు. మా ఓనరుకి కెమెరా పట్టుకోవడం వచ్చు గానీ కంప్యూటరంటే చిరాకు. ఆ గదీ, ఆ పనీ నాకు వదిలేశాడు. మిర్చి సీజన్లో కిటికీ తీస్తే దగ్గు, మూస్తే మిషన్ల వేడి. నేను మూసుకునే కూర్చునేదాన్ని.

పని వినడానికి సులువే. టేపు మీదున్న గంట పాఠాన్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తే దాదాపు ఇరవై సీడీలంత చోటు ఆక్రమిస్తుంది. దాన్ని ఒకే సీడీలో ఒక మూలకు కుక్కాలి. కుక్కే పద్ధతి ఏమిటంటే, బొమ్మలో కదలనిదాన్ని ఒకసారే దాచుకుని, కదిలేదాన్ని మాత్రం మళ్ళీ మళ్ళీ రాసుకోవడం. ఎంత కదిలితే అంత చోటు కావాలి. చోటు చాలకపోతే బొమ్మ గచ్చు పలకల్లా ముక్కలు ముక్కలవుతుంది. అందుకని జాగ్రత్తంతా తీసేటప్పుడే మొదలవ్వాలి. కెమెరా స్టాండు మీద బిగించి ఉండాలి, వెనక సాదా గోడ ఉండాలి, గళ్ళ చొక్కా వేసుకోకూడదు. ఇవన్నీ నేను చెబుతుంటే లెక్చరర్లు నవ్వేవాళ్ళు. "పెళ్ళిచూపులకి కూడా ఇన్ని షరతులు లేవమ్మా" అన్నాడొకాయన. నవ్వినా, సీడీ చూశాక నోరు మూసుకునేవాళ్ళు.

ఒంగోలులో ఒక ట్రైనింగ్ సంస్థ ఉండేది. దాని మేనేజరు మా దగ్గరికి క్వారీ పని మీద వచ్చాడు. చీమకుర్తి వైపు రాతి క్వారీల్లోకి ఎక్కడెక్కడి నుంచో కూలీలు వచ్చి చేరుతున్నారు, వాళ్ళు పనిలో దిగేముందు కంప్యూటర్లో ఒక కోర్సు చూడాలి, ప్రశ్నలకు జవాబులు నొక్కాలి, వేలిముద్ర వేసి కార్డు తీసుకోవాలి. పన్నెండు పాఠాలు. క్వారీ ఆఫీసుల్లో ఉండేవి పాత కంప్యూటర్లు కాబట్టి అన్నీ ఒకే సీడీలో పట్టాలి. మేనేజరు ఇంకో కోరిక కూడా కోరాడు. "రాయి మెరవాలమ్మా. కొనడానికి వచ్చే పార్టీలక్కూడా ఇదే చూపిస్తాం."

ఆ రాయి నల్లగా ఉండి, లోపల బంగారు రజను చల్లినట్టు చుక్కలుంటాయి. మా పనికి అంతకంటే దుర్మార్గమైన వస్తువు లేదు. కెమెరా కాస్త జరిగితే వేల చుక్కలు ఒక్కసారే మినుకుమంటాయి. చోటు తగ్గించామా, ఆ చుక్కలన్నీ కలిసిపోయి తారురోడ్డు అయిపోతుంది. నేను సవాలుగా తీసుకున్నాను. మెరిపిస్తానన్నాను.

పేలుడు పాఠం చెప్పినాయన అరవై దగ్గర పడ్డ సాయిబు గారు. ముప్పై ఏళ్ళుగా క్వారీల్లో రాతికి మందు పెట్టి పేల్చడమే ఆయన ఉద్యోగం. దానికి సర్టిఫికెట్ ఉన్న మనిషి. నేను ఫోన్లో చెప్పిన మాట గుర్తుపెట్టుకుని గళ్ళు లేని తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. ఆ రోజు రాతిలో ఐదు బెజ్జాలు వేయించాడు. నాలుగింటిలోనే మందు పెట్టాడు. ఐదోది ఖాళీ. తూటా పేలకపోతే ఏం చేయాలో చూపించడానికని ముందే మాకు చెప్పాడు.

వత్తులు అంటించి వచ్చి మా పక్కన నిలబడి వేళ్ళ మీద లెక్కపెట్టాడు. నాలుగు మోతలు వినపడ్డాయి. కెమెరా వైపు తిరిగి, "నాలుగే పేలినియ్యి. ఒకటి తక్కువొచ్చింది" అన్నాడు. తర్వాత ఒక బండ మీద కూర్చుని, "ఇంక ఎవరూ కదలమాకండి. అరగంట" అన్నాడు. మా ఓనరు కెమెరా ఆపబోయాడు.

"ఆపమాకండి బాబూ. పేల్చడం ఎవడైనా పేలుస్తాడు. పేలనప్పుడు కూర్చోవడమే పని. అదే నేర్చుకోవాల్సింది."

"అరగంటా తీయాలాండి?" అన్నాను నేను.

"అరగంటా తీయండమ్మా. లోపల వత్తి ఇంకా సన్నగా కాలతా ఉంటది. పైకి తెలీదు. ఆగలేక పోయినోళ్ళు నాకు తెలిసే నలుగురున్నారు."

తీశాము. ఆయన బీడీ ముట్టించలేదు, మాట్లాడలేదు, కొండకేసి చూస్తూ కూర్చున్నాడు. మధ్యలో రెండుసార్లు, "ఇప్పుడు ఎళ్దామనిపిస్తది. ఎళ్ళకూడదు" అన్నాడు. అరగంటయ్యాక లేచి, వంగి, ఆ ఐదో బెజ్జం చుట్టూ ఎలా చూడాలో చూపించాడు. నాకు విసుగొచ్చింది. మూడు నిమిషాల పాఠానికి ముప్పై మూడు నిమిషాల టేపు అని మా ఓనరుతో తిరుగుబస్సులో సణిగాను.

స్టూడియోలో పన్నెండు పాఠాలు కూడితే సీడీలో పట్టడం లేదు. రాయి మెరిసే బొమ్మలకు చోటు ఎక్కువ ఇచ్చాను కదా, మిగతా వాటికి మిగల్లేదు. అక్కడక్కడా నిమిషాలు కోయడం మొదలుపెట్టాను. ఆ అరగంట ఎలాగూ పోవాల్సిందే. మొదట దాన్ని తీసేసి, కూర్చున్న మనిషి మెల్లగా మాయమై లేచిన మనిషి కనపడేట్టు కలిపాను. పైన "అరగంట తర్వాత" అని అక్షరాలు వేశాను. అంతవరకు బాగానే ఉంది. కుక్కాక చూస్తే, ఆ మాయమయ్యే చోట బొమ్మంతా పలకలు పలకలుగా విరిగింది. ఒక బొమ్మలోంచి ఇంకో బొమ్మ మెల్లగా రావడం కంటే ఎక్కువ చోటు మింగేది ఇంకోటి లేదు. ఆ పలకల మధ్య అక్షరాలు అలికినట్టయ్యాయి.

నా సీడీలో పలకలా? అక్షరాలు తీసేశాను. కలపడం తీసేశాను. "ఒకటి తక్కువొచ్చింది" అన్న మాట దగ్గర టక్కున కోసి, మధ్యలో రాయి దగ్గరగా మెరుస్తున్న రెండు సెకన్ల ముక్క ఒకటి పెట్టి, వెంటనే ఆయన బెజ్జం మీద వంగిన బొమ్మకు వెళ్ళాను. అదే చొక్కా, అదే వెలుతురు. అతుకు ఎక్కడా కనపడలేదు. మా ఓనరుకి చూపిస్తే, "అరగంట సంగతి?" అని అడిగాడు. "కోర్సుతో పాటు ఇచ్చే పుస్తకంలో రాసి ఉందిగా" అన్నాను. మేనేజరు వచ్చి చూసి, రాయి భలే మెరుస్తోందని నన్ను మెచ్చుకున్నాడు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. కదలకుండా కూర్చున్న మనిషిని కుక్కడం అన్నిటికంటే తేలిక. ఎంత తక్కువ చోటిచ్చినా ఆ బొమ్మ చెడదు. ఆ ముక్కను విడిగా, అతి తక్కువ చోటులో పెట్టొచ్చు. అరగంట కాకపోతే రెండు నిమిషాలు ఉంచొచ్చు. కనీసం ఒక గడియారం చూపించొచ్చు. ఈ సంగతులు నాకు తర్వాత తెలిసినవి కావు, అప్పుడే తెలుసు. రాతి మెరుపులోంచి పిసరంత తగ్గించడానికి మనసొప్పలేదు, అంతే.

ఏడాది తిరగకముందే వేరే క్వారీలో ఒరిస్సా నుంచి వచ్చిన కూలీ ఒకతను చనిపోయాడు. ముప్పై ఏళ్ళ మనిషి, మందు పెట్టేవాళ్ళ కింద పనిచేసేవాడు. పేలని తూటా దగ్గరికి వెళ్తే అది అప్పుడు పేలింది. పేపర్లో జిల్లా పేజీ అడుగున నాలుగు లైన్లు పడ్డాయి. నేను చదివి పేజీ తిప్పాను. వారం తర్వాత ఒంగోలు మేనేజరు మా ఓనరుకి ఫోన్ చేశాడు. విచారణకు వచ్చినవాళ్ళు మా కోర్సు సీడీ వేయించుకుని చూశారట. చనిపోయిన మనిషి ఆ కోర్సు చూసి కార్డు తీసుకున్నవాడట. సీడీలో సాయిబు గారు ఒకటి తక్కువైందంటాడు, వెంటనే బెజ్జం దగ్గర ఉంటాడు. "మేం పుస్తకంలో అరగంటని స్పష్టంగా రాశాం. ఆయనే అలా చేసి చూపించాడు, మేమేం చేస్తాం?" అని మేనేజరు వాళ్ళకు చెప్పి ఊరుకున్నాడు. ఆ పుస్తకం తెలుగులో ఉంది. చనిపోయిన మనిషికి తెలుగు చదవడం రాదు.

సాయిబు గారి సర్టిఫికెట్ సస్పెండు చేశారు. క్వారీ వాళ్ళు పనిలోంచి తీసేశారు.

ఒక మధ్యాహ్నం ఆయన చీమకుర్తి నుంచి రెండు బస్సులు మారి మా స్టూడియోకి వచ్చాడు. అదే తెల్లచొక్కా. మంచినీళ్ళిస్తే తాగి, మా ఓనరునడిగాడు.

"ఆ టేపు ఇయ్యండి బాబూ. నేను కూర్చున్నది అందులో ఉంది. చూపిస్తాను వాళ్ళకి."

"అది లేదు సాయిబు గారూ. దాని మీద వేరే ఫంక్షన్ తీసేశాం" అన్నాడు మా ఓనరు.

టేపు నా కుర్చీ వెనక అలమరలో ఉంది. దాని మీద పేరు నా చేతిరాతే. కోసింది మేమని తేలితే స్టూడియో మూతపడుతుందని మా ఓనరు ముందురోజే నాతో అన్నాడు. కోసింది మేము కాదు, నేను. ఆ సంగతి ఆయన అనలేదు, నేనూ అనలేదు.

సాయిబు గారు నా వైపు తిరిగాడు. "మీరున్నారుగా అమ్మా. అరగంట నా పక్కనే ఉన్నారు. నేను కదల్లేదని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టండి చాలు."

"ఓనరు గారు ఎలా చెబితే అలాగండి" అన్నాను.

ఇన్నేళ్ళలో నా నోటి నుంచి వచ్చిన మాటల్లో ఇంత నీచమైనది ఇంకోటి లేదు. ఆయన గ్లాసు బల్ల మీద జాగ్రత్తగా పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కూడా నేను పని మానలేదు. మానేశానని రాసుకుంటే బాగుండేది. ఇంకో పది నెలలు అక్కడే కూర్చుని ఇంకెవరి పాఠాలో కుక్కాను. ఏ పాఠంలోనైనా మనిషి మాట ఆపి ఒక్క క్షణం ఊరుకుంటే, అది కోయడానికి చెయ్యి వెళ్ళేది కాదు. పాఠాలు సాగుతున్నాయని కాలేజీ వాళ్ళు విసుక్కున్నారు. మా ఓనరు, "ఏమ్మా, నీ చెయ్యి పడిపోయిందా?" అన్నాడు. చివరకి ఒకరోజు టేపు సంచిలో వేసుకుని బస్సెక్కాను.

ఆయన్ని వెతకడం కష్టమేమీ కాలేదు. ఒంగోలు దాటాక రోడ్డు పక్కన ఒక పత్తి మిల్లులో గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఉన్నాడు. చొక్కా నిండా దూది నలుసులు. నన్ను గుర్తుపట్టి స్టూలు ఇచ్చి, తను కింద సిమెంటు దిమ్మె మీద కూర్చున్నాడు. నేను టేపు చేతిలో పెట్టాను. కోసింది నేనేనని, రాయి మెరవడం కోసం కోశానని చెప్పాను. ఏడ్చాను కూడా. ఆయన నన్ను ఓదార్చలేదు.

"తెలుసమ్మా. సీడీ నాక్కూడా ఏసి చూపించారు. నేనే కూర్చోకుండా ఎళ్ళానేమో అని నాకే అనుమానం వచ్చింది, అంత బాగా చేశారు."

"ఇప్పుడైనా ఇది తీసుకెళ్ళి చూపించండి. నేనూ వస్తాను."

"ఇప్పుడెవరికి చూపించాలి? ఆ విచారణోళ్ళు ఎప్పుడో ఎళ్ళిపోయారు. నాకు అరవై దాటినియ్యి. మళ్ళీ మందు ముట్టుకోనిస్తారా?" టేపును అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి నా ఒళ్ళో పెట్టాడు. తర్వాత ఆయనే అన్నాడు. "ఆ ఒరిస్సా అతనితో పనిచేసినోళ్ళు నా దగ్గరికి వచ్చారమ్మా. నన్ను కొట్టడానికే వచ్చారు. కూర్చుని మాట్లాడుకున్నాం. అతను తొందర మనిషి కాదంట. సీడీ అడిగి అడిగి మూడుసార్లు చూశాడంట, తప్పు చేయకూడదని."

లారీ ఒకటి వస్తే ఆయన లేచి గేటు తీసి, మళ్ళీ వేసి వచ్చి కూర్చున్నాడు.

"ఆ రోజు తూటాలు లెక్కపెట్టాడంట. ఒకటి తక్కువైందని అందరికీ చెప్పాడంట. పక్కోళ్ళని అక్కడే ఆపాడంట. కాసేపు రాయికేసి చూశాడంట. చూసి, ఎళ్ళాడంట."

ఎందుకడిగానో తెలియదు. "ఎంతసేపు చూశాడంట?" అన్నాను.

"అది మీకే తెలియాలమ్మా" అన్నాడాయన. గొంతులో కోపం లేదు. నిజంగానే జవాబు కోసం నా ముఖంలోకి చూశాడు.

"రెండు సెకన్లండి" అన్నాను.