జల్లించేసిన ఏడుపు

ఒక మగమనిషి ఏడుపు నా దగ్గర ఉండిపోయింది. అది అందుకోవాల్సిన మనిషి మా వీధిలోనే ఉంది. ఇన్నేళ్లూ ఇవ్వలేదు. నాకు సంతకం వరకే వచ్చు, అందుకే నోటితో చెప్పి నీచేత రాయిస్తున్నాను. మధ్యలో ఆగితే ఏమనుకోకు.

యానాంలో మా వీధి మొత్తానికి మా కిరాణా కొట్లోనే ఫోను. పైఊళ్ల నుంచి ఎవరు చేసినా నేనే విని, వాళ్ల ఇంటికెళ్లి చెప్పేదాన్ని. మొదట్లో ఏడిస్తే ఏడ్చారనే చెప్పేదాన్ని. ఓసారి ఒకమ్మాయి ఊరికే బెంగతో ఏడిస్తే, నా మాట విని వాళ్ల నాన్న పనొదిలేసి కాకినాడ పరిగెత్తాడు. తిరిగొచ్చి కొట్టు ముందు తిట్టిపోశాడు. ఆ రోజే మా ఆయన, ఇప్పుడు లేడు, ఓ పద్ధతి పెట్టాడు.

"ఏడుపు, నవ్వు, మూలుగు, అయ్యో, అమ్మో, అన్నీ జల్లించెయ్. మిగిలిన మాటే చెప్పు."

పొట్టు పైన, పిండి కింద. చెవికే జల్లెడ కట్టినట్టు అలవాటైపోయింది. గొప్పగా కూడా ఉండేది, నీ దగ్గర దాపరికమెందుకు?

ఓ వానాకాలం మా వీధి నూకరత్నం మొగుడు విశాఖపట్నం నుంచి ట్రంకు కాల్ చేశాడు. అక్కడ బోటు మీద పని. జ్వరమని ముందే కబురొచ్చింది. వెళ్లనా మాననా అని నూకరత్నం సంచి సర్దుకుని కూర్చుంది.

"తగ్గిపోయిందని చెప్పక్కా. రావద్దని చెప్పు."

మాటకీ మాటకీ మధ్య వెక్కిళ్లు. చాలాసేపు. జల్లించేశాను. వెళ్లి చెప్పాను.

"ఏడ్చాడా వదినా? ఆ మనిషి నోరు ఎప్పుడూ అబద్ధమే ఆడుద్ది. ఏడిస్తే మాత్రం ఇప్పుడే బస్సెక్కేస్తాను."

అడిగిందిగా. అప్పుడైనా చెప్పొచ్చుగా? మళ్లీ తిట్లు పడతాయని భయమా? లేక నా జల్లెడ తప్పని ఒప్పుకోవడం ఇష్టం లేకా?

"లేదే. నవ్వుతూనే మాట్లాడాడు."

సంచి విప్పేసింది.

వారం తిరక్కుండా మళ్లీ ఫోను మోగింది. వేరే గొంతు. ఏడుపు లేదు, మూలుగు లేదు, జల్లించడానికేమీ లేదు. ఒక్కటే మాట, పోయాడని.

నూకరత్నం ఇప్పటికీ వచ్చి మా అరుగు మీద కూర్చుంటుంది. "ఆఖరిసారి నవ్వుతూనే మాట్లాడాడు కదా వదినా?" అంటుంది. ఆ నవ్వు పట్టుకునే బతుకుతోంది. అది నేను పుట్టించిన నవ్వు. తలూపుతాను.

ఆ వెక్కిళ్లు ఇవాళ నీకు చెప్పాను. తనకి చెప్పలేదు. రేపు చెబుతానని కూడా అనను. కాస్త ఊపిరాడుతోంది, అంతే.

కొట్లో ఫోను మోగుతోంది. నేనే లేవాలి.