తాతయ్య అన్న ఒక్క ‘ఆయ్’

మా తాతయ్య యాకోబు గారికి జీవితం మొత్తానికి రెండు మాటలు సరిపోయాయి. ఒకటి ‘ఆయ్’. రెండోది ‘ఛీ’. మొదటిది ఉద్యోగం కోసం, రెండోది ఫుట్‌బాల్ కోసం.

ఉద్యోగం సంగతి ముందు చెప్తాను. తాతయ్య ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో అటెండరు. హెడ్మాస్టరు గారు కుర్చీలోంచి కదలకుండా “యాకోబూ!” అంటే, తాతయ్య బోరింగు దగ్గరున్నా, గేటు అవతల బీడీ కాలుస్తున్నా “ఆయ్!” అనాలి. మా కోనసీమలో అవునన్నా, సరేనన్నా ఆయ్ అననివాళ్లు లేరు. కానీ అందరూ మెత్తగా, నోట్లోనే అంటారు. తాతయ్యది మూడు బిల్డింగులు దాటి వినపడాలి కాబట్టి పొట్టలోంచి వచ్చేది. ఆయన రిటైరై పదేళ్లయింది, ఆయ్ మాత్రం రిటైరు కాలేదు. మా అమ్మమ్మ “అన్నం పెట్టనా?” అంటే ఈయన ఆయ్ అంటాడు, పక్కింటి గేదె కట్టుకొయ్య పీక్కుంటుంది.

ఇక ఫుట్‌బాల్. తాతయ్య జన్మలో బంతి తన్నలేదు. గ్రౌండులో సున్నంతో గీతలు గీసేది ఆయనే, బంతికి గాలి కొట్టేది ఆయనే, కుర్రాళ్లకి నీళ్లు మోసేది ఆయనే. పని అయ్యాక గోలు వెనక గోనెపట్టా వేసుకుని కూర్చుని ఆట చూసేవాడు. అలా చూసీ చూసీ తనకన్నా ఎక్కువ తెలిసినవాడు జిల్లాలోనే లేడని తేల్చుకున్నాడు. స్కూల్లో ఎవరేమన్నా ఆయ్ అనే మనిషి, ఆదిలక్ష్మి గారి టీ కొట్లో బల్ల మీద కూర్చుంటే మాత్రం ఏ కోచ్‌నీ వదిలేవాడు కాదు. “ఛీ. ఆ కోచ్‌ కన్నా గట్టు మీద కొబ్బరిచెట్టు నయవండి. అదీ నిలబడే ఉంటది, కాయలైనా కాస్తది” అనేవాడు.

పోయిన ఏడాది మా ఊరి జట్టుకి లిడియా పిన్ని కోచ్ అయింది. పిన్ని తాతయ్య రెండో కూతురు, ప్రైవేటు స్కూల్లో డ్రిల్లు టీచరు. తాతయ్య స్కూలు స్టోరురూములోంచి తెచ్చిన అతుకుల బంతులతో పెరట్లో ఆడుతూ పెరిగింది. కూతురు కోచ్ అయ్యాక ఛీలు తగ్గుతాయనుకున్నాం. పెరిగాయి. అన్నం పళ్లెం ముందు కూడా, “ఆ ఎడం పక్కన ఆడేవోణ్ణి ఏం చూసి పెట్టేవే? ఛీ” అనేవాడు. పిన్ని విని, ఇంకాస్త పప్పు వేసేది.

అలాంటి పిన్ని ఒక్క ఏడాదిలో జట్టుని ఫైనల్‌కి తీసుకొచ్చింది. ఆదివారం సాయంత్రం, అమలాపురంలో, కాట్రేనికోన జట్టుతో.

హాఫ్ టైంకి పిన్ని గొంతు పూర్తిగా పోయింది. పైగా ఆవిడ నిలబడింది పడమటి వైపు. మా గోల్‌కీపర్ సూరిబాబు అటు చూస్తే ఎండ తప్ప ఏమీ కనిపించదు. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నారు. పిన్ని చెయ్యి ఊపుతుంది. గోలు వెనక చెట్టు నీడన కుర్చీ వేసుకుని కూర్చున్న తాతయ్య అది చూసి సూరిబాబుకి అరిచి చెప్తాడు. తాతయ్య ఆ రోజు ఇస్త్రీ చొక్కాలో హెడ్మాస్టరు కన్నా దర్జాగా ఉన్నాడు.

ఆఖరి నిమిషం. చెరొక గోలు. విజిల్ పడితే ఇక పెనాల్టీలే. పెనాల్టీల్లో సూరిబాబు కొండ, సెమీఫైనల్లో మూడు ఆపాడు. కప్పు మా వ్యాన్లో ఎక్కేసినట్టే. అప్పుడు కాట్రేనికోన కుర్రాడొకడు దూరం నుంచి బంతి తోసుకొస్తున్నాడు. సూరిబాబు ఉన్నట్టుండి గోలు వదిలేసి ముందుకు పరిగెత్తాడు. ఆ కుర్రాడు నవ్వినట్టే నవ్వి, బంతిని వీడి నెత్తి మీదుగా ఎత్తి వేశాడు. అది రెండు గంతులు వేసి గోల్లోకి వెళ్లింది. విజిల్ పడింది. నేను తాతయ్యకి మజ్జిగ తెచ్చి ఇచ్చే పనిలో ఉండి సగమే చూశాను.

వ్యాన్లో ఇరవైమంది చెమట, ఎవడో కక్కిన వాసన. సూరిబాబు ఏడుస్తూ, “మేడమ్ గారు ముందుకెళ్లమన్నారండి, వెళ్లేను” అన్నాడు. పిన్ని ఉలిక్కిపడి అతన్ని చూసింది, తర్వాత తాతయ్యని చూసింది. లేని గొంతుతోనే, “అవును, నేనే వెళ్లమన్నాను” అంది.

సోమవారం పొద్దున్న ఏడింటికే ఆదిలక్ష్మి గారి కొట్టు నిండిపోయింది. తాతయ్యకి పేపరు చదివి వినిపించడానికి రోజూ నేను కూడా వెళ్తాను. ఇంటర్ సగంలో మానేసిన దాన్ని, ఆ సగం చదువు దీనికి పనికొస్తోంది. ఆ రోజు పాలు అడుగంటి టీ మాడు వాసన. బజ్జీలు నిన్నటివి. అయినా తింటున్నారు, మొహాలు ఆముదం తాగినట్టు పెట్టుకుని.

జట్టు కమిటీ ప్రెసిడెంటు సత్తిరాజు గారు, కొబ్బరితోటల ఆసామి, గ్లాసు చూసి పక్కన పెట్టేశారు.

“ఒక్క నిమిషం అండి! ఒక్క నిమిషం గోలు దగ్గర నిలబడితే చాలు కదా. సూరిబాబు మీద పెనాల్టీ కొట్టే మగాడు కాట్రేనికోనలో ఉన్నాడా? అలాంటోణ్ణి ముందుకెళ్లమంటారా బుద్ధున్నోళ్లెవరైనా? తలుచుకుంటే ఒళ్లు కంపరం పుడతందండి.”

“నన్ను బయటికి తీసినప్పుడే పోయిందండి మ్యాచ్” అన్నాడు శ్యామ్ సుందర్. ముందు వరసలో ఆడే కుర్రాడు. పిన్ని ఆఖరి పది నిమిషాలకి వాణ్ణి మార్చేసింది.

“ఛీ” అన్నాడు తాతయ్య. “నువ్వు గ్రౌండులో ఉన్నావన్న సంగతి బాలుక్కూడా తెలీదు కదరా. నిన్ను హాఫ్ టైంకే తీసెయ్యాలి. అదీ తప్పే.”

శ్యామ్ సుందర్ సెల్లు తీశాడు. ఆ గోలు వీడియో వాడి దగ్గరుంది. వాడు దానికి ఏడుపు పాట తగిలించి స్టేటస్ పెట్టాడు కనుక గ్రౌండులో మాటలేవీ వినపడవు. సూరిబాబు పరిగెత్తడం, బంతి ఎగరడం, వెనక ఎవరో ఆలాపన. పదకొండుసార్లు చూశారు. చూసినప్పుడల్లా సత్తిరాజు గారు అటు తిరిగి ఉమ్మారు.

“నేను తేల్చేస్తున్నాను” అన్నారాయన. “కాకినాడలో ఒకాయన ఉన్నాడు, కోచింగ్‌లో డిప్లొమా. పదింటికి ఫోన్ చేసి వచ్చెయ్యమంటాను. లిడియా మంచిదే, కాదన్లేదు. స్కూలు పిల్లలకి డ్రిల్లు చెప్పుకుంటే చాలు.”

అప్పుడే పిన్ని స్కూలుకి వెళ్తూ కొట్టు ముందు స్కూటీ ఆపింది. ఆ మాట విన్నది. హ్యాండిల్ వదల్లేదు, లోపలికి రాలేదు. ఆ జట్టు కోసం పొద్దున్న నాలుగున్నరకి లేచే మనిషి. ఆ జట్టు పోతే ఆవిడకి మిగిలేది డ్రిల్లు పీరియడ్లో ‘ఏక్ దో తీన్’ ఒక్కటే.

“ఏవయ్యా యాకోబూ, కూతురని చూడకుండా చెప్పు” అన్నారు సత్తిరాజు గారు. “నువ్వైతే ఏం చేస్తావు?”

కొట్టంతా తాతయ్య వైపు తిరిగింది. ఇలాంటి ప్రశ్న కోసం ఆయన నలభై నాలుగేళ్లుగా కాచుకున్నాడు.

“కూతురైతే ఏంటండి? ఛీ! నేనక్కడ బొమ్మలా కూర్చున్నాను. నాతో అనకుండా వాడికి సొంతంగా చెయ్యూపేసింది. మరి నేనెందుకండి వెనకాల? ఆ నిమిషంలో వాణ్ణి వెళ్లమన్న మనిషిని గీత దగ్గరికే రానివ్వకూడదండి. కుర్చీ పట్టుకెళ్లి గోడ బయట వెయ్యాలి!”

నాకు తాతయ్య మీద కోపం వచ్చింది. మూల కూర్చున్న సూరిబాబు లేచాడు.

“మేడమ్‌ని అనకండి బాబాయి గారూ. ఎండకి నాకావిడ చెయ్యి కనపడలేదు. ‘ముందుకెళ్లనా?’ అనడిగేను. వెనకనించి ఆయ్ అని వినపడింది, వెళ్లేను.”

“నేనేం అన్లేదే!” అన్నాడు తాతయ్య. “నువ్వడగడవే నేను వినలేదు.”

గొడవ ముదురుతుందని ఆదిలక్ష్మి గారు కెటిల్ పట్టుకుని మధ్యలోకి వచ్చింది. “ఇంకో టీ పొయ్యనా, యాకోబు గారూ?”

“ఆయ్!”

సూరిబాబు చేతిలో గ్లాసు జారి పడింది.

“ఇదేనండి!” అన్నాడు, తాతయ్యకి వేలు చూపిస్తూ. “ఈ ఆయ్యేనండి!”

తాతయ్య మెల్లగా నా వైపు తిరిగాడు.

“పింకీ, నిన్న మజ్జిగ ఎప్పుడిచ్చేవే?”

“ఆఖర్లో.”

“ఆఖర్లో అంటే?”

“గోలుకి ముందు. ‘మజ్జిగ పొయ్యనా తాతయ్యా’ అనడిగేను. నువ్వు...”

“ఛీ” అన్నాడు తాతయ్య. ఎవరిని అన్నాడో తెలీదు. నన్నైతే కాదనుకుంటున్నాను.

శ్యామ్ సుందర్ నవ్వు ఆపుకోలేక బజ్జీ మింగలేక దగ్గుతున్నాడు. అందరూ గుమ్మం బయట స్కూటీ మీదున్న పిన్నిని చూశారు. పిన్ని గాలిలాంటి గొంతుతో అంది, “మా నాన్న ఆయ్ నాకు తెలీదేంటండి? గ్రౌండు ఇవతలికి వినపడింది. ఊరంతా నవ్వుతారని ఊరుకున్నాను.”

సత్తిరాజు గారు కాసేపు మీసం సవరించుకున్నారు. కాకినాడ ఆయన మీద మనసు పడిపోయింది మరి.

“సరే యాకోబూ, పెద్దోడివి. ఈ వయసులో నిన్ను పదిమందిలో పల్చన చెయ్యడం నాకిష్టం లేదు. అమ్మాయి ఎలాగూ తనే అని ఒప్పుకుంది కదా, అలాగే ఉండనిద్దాం. కాకినాడ ఆయన్ని రప్పించుకుందాం. నీ మాట ఈ కొట్టు దాటదు. సరేనా?”

సరేనా అంటే తాతయ్య ఏమంటాడో మా ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు. ఆసాములకీ, హెడ్మాస్టర్లకీ ఒకే జవాబు. ఆయన నోరు తెరిచాడు. నేను చెవులు మూసుకోబోయాను.

“కాదండి” అన్నాడు తాతయ్య.

చాలా చిన్నగా అన్నాడు. ఆ మాట అలవాటు లేదు కదా, సరిగ్గా పలకలేదు కూడా.

“ఏంటీ?” అన్నారు సత్తిరాజు గారు.

“కాదండి. మ్యాచ్ పోగొట్టింది నేను. అమ్మాయి చెయ్యూపలేదు. కాకినాడ ఆయన ఎందుకండి? ఆయనొచ్చినా నేను వెనకాల కూర్చుని ఆయ్ అంటే మళ్లీ పోద్ది.” తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “అందరికీ చెప్పుకోండి, పర్లేదు. నవ్వనివ్వండి.”

సత్తిరాజు గారు తాగని టీ మళ్లీ చేతిలోకి తీసుకుని, ఒక గుక్క తాగి, మొహం వికారంగా పెట్టారు. కొట్లో కూర్చుండగానే పదయింది. ఆయన ఫోన్ జేబులోంచి తియ్యలేదు.

తర్వాత మ్యాచ్ రాజోల్లో జరిగింది. కోచ్ పిన్నే. తాతయ్య తన తీర్పు తనే అమలు చేసుకున్నాడు. ప్లాస్టిక్ కుర్చీ పట్టుకెళ్లి ప్రహరీ బయట వేసి, దాని మీదకెక్కి నిలబడ్డాడు. గోడ మీద తల ఒక్కటే కనిపిస్తోంది, కాకుల్ని తోలడానికి బోర్లించిన కుండలా. “ఛీ, ఆ శ్యామ్ సుందర్‌ని మళ్లీ పెట్టిందిరా” అని అక్కడి నుంచే వినపడుతోంది.

పిన్ని నాకు మజ్జిగ బాటిల్ ఇచ్చి పంపింది. “అడక్కు. చేతిలో పెట్టేసి వచ్చెయ్” అంది.

వెళ్లి చేతిలో పెట్టాను. తాతయ్య అటూ ఇటూ చూసి, తల ఊపాడు.