బ్లేడుతో గీకేసిన మైనస్

ఆ పొద్దు రఘునాథపల్లిలో బస్సెక్కినప్పటి నుంచి నా కాలు ఊగుతూనే ఉంది. పక్కనున్న పెద్దావిడ రెండుసార్లు మోకాలు పట్టుకొని ఆపింది. ఆమెకేం తెలుసు నా బాధ? పాలిటెక్నిక్‌లో నాకు సర్క్యూట్ల ల్యాబ్ ఒక్కటే మిగిలింది. అంతకుముందు ఒకసారి తప్పాను. ఈసారీ తప్పితే చదువు బంద్, ఇక పత్తి ఏరుడేనని బాపు తేల్చి చెప్పాడు.

పరీక్షలో రెండు బ్యాటరీల సర్క్యూట్ ఇచ్చారు. ఒకటి పన్నెండు వోల్టులది, ఇంకోటి ఆరు. రెండింటి నుంచీ కరెంట్ బయటికే వస్తుందనుకొని బాణాలు గీశాను. ముందు లెక్క చేయాలి, తర్వాత వైర్లు కలిపి అమ్మీటర్‌తో సరిచూడాలి. పెద్ద బ్యాటరీ కరెంట్‌ను x అనుకున్నాను, చిన్నదాని కరెంట్‌ను y.

6x + 4y = 12
4x + 6y = 6

xకు 2.4 వచ్చింది. yకు మైనస్ 0.6. మళ్లీ చేశాను, మళ్లీ మైనసే. బళ్లో పొలం వెడల్పు లెక్కలో మైనస్ వస్తే సారు వీపు మీద ఒక్కటి వేసేవాడు. ఆ దెబ్బ ఇంకా వీపు మీదే ఉంది. బ్లేడు తీసి ఆ గీతను గీకేశాను.

వైర్లు కలపగానే చిన్న బ్యాటరీ దగ్గరి అమ్మీటర్ ముల్లు సున్నాకు ఎడమవైపు కొట్టుకొని ఆగింది. ఇక అయిపోయింది నా పని అనుకున్నాను. గాబరాగా వైర్లు అటుదిటు మారుస్తుంటే ల్యాబ్ మేడం వచ్చి నిలబడింది. నా కాగితంలో గీకిన చోట వేలు పెట్టింది.

“ఈడ మైనస్ ఉండె గదా బిడ్డా, ఎందుకు తీసినవ్?”

“తప్పనుకున్న మేడం.”

“మరి ముల్లు ఎటు కొట్టింది?”

అప్పుడు బుర్రకెక్కింది. లెక్క తప్పు కాదు, కరెంటే నేను గీసిన బాణానికి ఎదురు పోతోంది. పెద్ద బ్యాటరీ చిన్నదానిలోకి తోస్తోంది. మేడంకు అదంతా చెప్పాను. మేడం తల ఊపి పక్క టేబుల్‌కు వెళ్లింది.

గీకిన చోట కాగితం పలచబడింది. మైనస్ పెడితే చిరిగింది. చిరిగినా గట్టిగానే పెట్టాను.

బస్టాండులో నా కాలు ఇంకా ఊగుతూనే ఉంది. బాపు ఫోన్ చేసి ఎట్లైందని అడిగాడు. ఏ పరీక్షకైనా ఏమో అనడమే నా అలవాటు.

“పాసైత బాపూ” అన్నాను.