గోడ దాటని గాలి

ఆ బడి పిల్లలు సైన్సు టీచరమ్మను చాటుగా ‘ఊపిరి టీచర్’ అనేవారు. ఊపిరితిత్తుల పాఠం ఆవిడ చెబితేనే వినాలని పేరు.

“మన లోపల ముప్పై కోట్లకు పైగా బుల్లి గాలితిత్తులున్నాయర్రా. అన్నీ విప్పి పరిస్తే ఈ గది నేల చాలదు. వాటి గోడ ముందు ఉల్లిపొర కూడా దుప్పటే. ఆ గోడను రక్తనాళాలు వలలా చుట్టుకుని ఉంటాయి. అంత పల్చన కాబట్టే మంచిగాలి రక్తంలోకి, చెడుగాలి బయటికి రెప్పపాటులో దాటేస్తాయి” అనేది.

ఆవిడ తమ్ముడు రాళ్లకు పాలిష్ పట్టే షెడ్డులో పనిచేసేవాడు. కనుబొమల మీద కూడా తెల్లటి పొడితో ఇంటికొచ్చి, “పౌడరు ఖర్చు మిగిలిందక్కా” అని నవ్వేవాడు.

నలభై నాలుగో ఏట మెట్లెక్కుతూ మధ్యలోనే కూలబడ్డాడు. ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే చూపించి, “మీకు నేను విడమరిచి చెప్పేదేముంది టీచర్ గారూ” అన్నాడు. నిజంగానే అక్కర్లేకపోయింది. సన్నటి రాతిధూళి తిత్తులదాకా చేరి, గోడలు మచ్చకట్టి మందమైపోయాయి.

“మందేమైనా?” అనడిగింది, జవాబు తెలిసి కూడా.

“ఆక్సిజన్ పెడదాం. కాస్త తెరిపిగా ఉంటుంది” అంటూ ఆయన కాగితాలు సర్దుకున్నాడు.

కిటికీ పక్కన మంచం వేసి, సిలిండరు నిలబెట్టారు. తమ్ముడి భార్య అతని వీపు వెనక దిండ్లు ఎత్తుగా పెట్టేది.

“గాలి లోపలికి పోతూనే ఉంది గదక్కా. మరి చాలదేం?” అన్నాడొకనాడు.

“పోతోందిరా. గోడ దాటట్లేదు.”

“అంత మందమా?”

“కంటికి కనపడనంత.”

“కనపడనిదానికే ఇంత గొడవా” అని నవ్వబోయి దగ్గులో పడ్డాడు. ఆవిడ వీపు నిమిరింది.

మర్నాడు సెలవు పెట్టి, పెట్టెడు మాస్కులు పట్టుకుని షెడ్డుకు వెళ్లింది. మిషన్లు ఆపించి, అక్కడున్న పదకొండుమందికీ పాఠం మొత్తం చెప్పింది. బుద్ధిగా విన్నారు. మాస్కులు పెట్టుకున్నారు. గేటు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, సగం మందికి అప్పుడే గడ్డం కిందికి దిగిపోయాయి.

“పెట్టుకున్నారా?” అన్నాడు తమ్ముడు.

“పెట్టుకున్నార్రా.”

ఆవిడ ముఖంలోకి కాసేపు చూశాడు. “అక్కడ ఉక్కక్కా. మూతి కట్టుకుంటే పని సాగదు” అన్నాడు, వాళ్ల తరఫున సంజాయిషీ ఇస్తున్నట్టు. ఆవిడ లేచి దుప్పటి సరిచేసింది.

వర్షాలు మొదలయ్యేలోపే అతను పోయాడు. మంచం పక్కన నిలబడి మరదలు సిలిండరు మీటరులో ముల్లు చూపిస్తూ, “ఇంకా సగం పైనే ఉంది వదినా, ఇంకా సగం పైనే ఉంది” అంటూనే ఉంది. టీచరమ్మకు కారణం తెలుసు. మర తిప్పి సిలిండరు కట్టేసింది.