ఘాటీ ఎక్కిన దోనె

మేము చింతపల్లి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. చలి కొండలని చెప్పి అందరికీ ఉన్ని కోట్లు ఇచ్చారు. అప్పటికే ఎండలు ముదిరాయి. కోట్లు కారు వెనక సీట్లో పడేసి, చెమటకు తడిసిన చొక్కాలు పిండుకున్నాం. గుడారాలు ఊరి బయట బోడి మిట్ట మీద వేశారు. కేంపు మొత్తానికి బావి ఒక్కటే.

సైన్యంలో ఏం చేశావని మా వీధిలో వాళ్లు అడుగుతారు. పడవ లాగానంటాను. కొండల్లో పడవేమిటని నవ్వుతారు. నవ్వనివ్వండి. నేను బస్రాలో మోటారు నేర్చుకున్నవాణ్ణి, పెద్ద యుద్ధం చూసినవాణ్ణి. అక్కడి సంగతులు సగం మరిచిపోయాను. ఈ పడవ మాత్రం నన్ను వదల్లేదు.

అవి పితూరీ రోజులు. మన్యం జనం సర్కారు మీద తిరగబడ్డారు. వాళ్లు దాటి పారిపోకుండా గెడ్డ మీద పడవనేదే ఉండకూడదని మాకు ఉత్తర్వు వచ్చింది. గెడ్డంటే కొండవాగు, ఘాటీ రోడ్డు దిగువన ఉంది. వేసవిలో మోకాలి లోతు, వానలు పడితే ఏనుగు కూడా కొట్టుకుపోతుంది. హవల్దారు మనుషులతో దిగి రెండు గట్లూ వెతికాడు. పడవ కనపడలేదు. చివరికి ఒక మడుగులో, నీళ్ల అడుగున, నిండా రాళ్లు వేసి ముంచిన దోనె దొరికింది. ఒక్క మాను తొలిచి చేసింది. పితూరీదారుల కోసం దాచారని హవల్దారు తేల్చేశాడు.

దోనె నడిపే సోమన్నను పట్టుకొచ్చారు. చలికాలంలో మాకు ముందు వచ్చిన పటాలాన్ని గెడ్డ దాటించింది ఆయనే. ఏరు దాటాక బోడి మల్లయ్య అంటారే, అలాగయింది.

"దాసలేదు బాబూ," అన్నాడు. "ఎండల్లో ఇలాగే ముంచుతాం. బయటుంటే పగిలిపోద్ది."

అది నిజమని నాకు తెలుసు. శారదా నది మీద మా నాన్న దోనె నడిపేవాడు. ఎండాకాలం వస్తే ఇలాగే రాళ్లు వేసి ముంచేవాడు. ఆ మాటే మా కేంపు దొరకు చెప్పాను. వచ్చిన ఇంగ్లీషంతా వాడి చెప్పాను. డ్రైవరు పని కారు నడపడమేనన్నాడు. నర్సీపట్నం నుంచి పెద్దదొర వచ్చి చూసేదాకా దోనెను సాక్ష్యంగా కేంపులో ఉంచాలన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊది నేను మాత్రం ఏం సాధిస్తాను?

ఎడ్లబండి చక్రాల మీద దోనెను కట్టి, వెదురు బొంగుతో కారు వెనక తగిలించాం. నా కారుకు మూడు గేర్లు. గేరు కర్ర కుడిచేతి పక్కన. క్లచ్ తొక్కాలి, వదలాలి, ఇంజను గొంతు విని మళ్లీ తొక్కి గేరు వేయాలి. తొందరపడితే కారు పళ్లు కొరుకుతుంది. ఆ ఘాటీలో మొదటి గేరు దాటి వేసింది లేదు. వేడెక్కి రేడియేటరు ఉడికినప్పుడల్లా ఆగాం. ఆగిన ప్రతిచోటా బండి వెనక్కి జారకుండా చక్రాల కింద రాళ్లు పెట్టింది సోమన్నే. ఆ రోడ్డు వేసినప్పుడూ ఆయన వెట్టి చేశాడట. తన పడవను తానే కొండెక్కించుకున్నాడు పాపం.

ఒక మలుపులో నేను రేడియేటరులో నీళ్లు పోస్తుంటే దగ్గరికొచ్చి దోనె చూపించాడు.

"అలాగే దీనిక్కూడా రోజూ రెండు కడవలు పొయ్యి బాబూ. మా కూతురు గుంట అవతలి ఊళ్లో ఉంది. తొలి కానుపు. నానెల్లి తేవాల. మీరు నన్నొగ్గి పంపేసరికి వానలొచ్చేత్తే, ఇదే దిక్కు."

పోస్తానన్నాను. పోశాను కూడా. పొద్దున్నే కారు కడిగి, ఆ చేత్తోనే దోనె నిండా నీళ్లు పోసి తడిగోనెలు కప్పేవాణ్ణి. సోమన్నను కేంపులోనే నీళ్లు మోయడానికి పెట్టారు. కాపలావాడు చూడనట్టుంటే ఆయన కూడా ఒక కడవ ఒంపేవాడు. వంటవాడికి ఇదంతా వేళాకోళం. మాకు లేని స్నానం మానుకెందుకురా అనేవాడు. పెద్దదొర మాత్రం ఇవాళ రేపు అంటూ రాలేదు.

చివరికి పెద్దదొరను తీసుకురమ్మని నన్నే కారుతో నర్సీపట్నం పంపారు. వెళ్తూ వెళ్తూ దోనె సంగతి వంటవాడికి అప్పగించాను. వేళాకోళం చేశాడు గానీ ఒట్టు వేశాడు. కింద పెద్దదొరకు జ్వరం. తగ్గేదాకా అక్కడే ఉండిపోయాను. తిరిగి వచ్చేసరికి కేంపు బావి అడుగంటింది. నీళ్లు మనుషులకీ కంచర గాడిదలకీ కొలిచి పోస్తున్నారు. గోనెలు అప్పడాల్లా ఎండి ఉన్నాయి. దోనె ముక్కు నుంచి నడుమ దాకా నిలువునా విచ్చింది. నా చెయ్యి ఆ చీలికలో దూరింది.

"తాగడానికే లేవురా," అన్నాడు వంటవాడు. తలెత్తలేదు. వాణ్ణి ఏమనగలను? వాడి చోట నేనున్నా అంతే చేసేవాణ్ణి. అయినా ఆ పూట వాడు పెట్టిన కూడు నాకు సయించలేదు.

పెద్దదొర చేతికర్రతో దోనెను ఒకసారి తట్టాడు. ఈ కొండల్లో చాలా ఏళ్లు తిరిగినవాడు. వేసవిలో వీళ్లు దోనెలు ముంచుతారని తెలియదా అని మా దొరను అడిగాడు. మనిషిని వదిలేయమన్నాడు, దోనె తిరిగి ఇచ్చేయమన్నాడు. అంతే. టీ తాగడానికి వెళ్లిపోయాడు.

తెల్లవారి మళ్లీ అదే వెదురు బొంగు, అదే ఘాటీ. దిగడం ఎక్కడం కన్నా కష్టం. వెనక నుంచి దోనె తోస్తుంటే మొదటి గేరులోనే కారును బిగబట్టి దించాను. సగం దారిలో వాన మొదలైంది. మేము అడుగుకు చేరేసరికి గెడ్డ ఎర్రగా పొంగుతోంది. దోనె వస్తోందని సోమన్న ముందురోజే అవతలి ఊరికి కబురు పంపాడు. ఏడేళ్ల కరువు తీరినట్టుంది ఆయన ముఖం. చీలికలో గుడ్డలు కుక్కి గుగ్గిలం కాచి పోశాడు.

"ఒక్కపాలికి ఈ గుగ్గిలం ఆగితే సాలు బాబూ," అన్నాడు.

అవతలి గట్టున గొడుగులాంటి ఆకుల గిడుగు కింద నిండు చూలాలు నిలబడి ఉంది. పక్కన మొగుడు, నెత్తిన మూట. హవల్దారూ నేనూ కలిసి దోనెను నీళ్లలోకి తోశాం. సోమన్న ఎక్కి తెడ్డు వేశాడు. నాలుగు బారలు పోకముందే గుడ్డలు ఊడి నీళ్లు లోపలికి కొట్టాయి. మేము తాడు విసిరి ఆయన్ను లాగాం. దోనె మునిగిపోయింది. ఈసారి ఎవరూ రాళ్లు వేయలేదు.

సోమన్న గట్టు మీద లేచి నిలబడ్డాడు. తర్వాత చేతులు రెండూ ముందుకు చాచి, గాలిని తోసినట్టు తోస్తూ అరిచాడు.

"ఎల్లిపో అమ్మా. ఎల్లిపో."

గెడ్డ హోరులో ఆ మాట ఆమెకు వినపడిందో లేదో. చేతులు కనపడి ఉంటాయి. చాలాసేపు నిలబడి, వెనక్కి తిరిగింది. హవల్దారు నన్ను కారెక్కమన్నాడు. ఆమె ఎక్కడ కన్నదో, ఎలా ఉందో నాకు తెలియదు. మరుసటి వారమే మా పటాలాన్ని దించేశారు.

నేను ఇల్లు చేరిన రోజుకి మా చెల్లెలు పురిటికి వచ్చి ఉంది. గుమ్మంలోనే ఎదురొచ్చింది. ఎలా ఉన్నావని అడగబోయాను. అడగకుండానే చెంబు అందుకుని కాళ్లు కడుక్కున్నాను. మనలో ఇంటికొచ్చిన పరాయివాణ్ణి కూడా వెళ్లిరమ్మంటామే గాని వెళ్లిపొమ్మనం. ఇన్నేళ్లయినా, వాన పడితే నాకు గెడ్డ కనపడదు, దోనె కనపడదు. తొలిచూలు కూతుర్ని పుట్టింటి ఎదుటి నుంచి వెనక్కి తోస్తున్న ఆ రెండు చేతులే కనపడతాయి.