ఎనిమిదో ముక్క

శిల్ప నా దగ్గర మూడేళ్లు చదివింది. అయిజ సమీపంలోని ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా నేను పదవీ విరమణ చేసిన ఏడాదే ఆమె పదో తరగతి పూర్తిచేసింది. ఉదయపు తొలి గంటకు ఆమె ఏనాడూ వేళకు రాలేదు. ఎందుకని ఒకసారి గద్దించాను.

"తమ్ముడు తినలే సార్," అన్నది.

సాకనుకున్నాను. సాకు కాదు. ఆమె తల్లిదండ్రులు మాసయ్య, బాలమ్మ తెల్లవారకముందే కూలికి వెళ్లేవారు. ఆమెకంటే నాలుగేళ్లు చిన్నవాడైన అరుణ్‌కు ఆటిజమని గద్వాల దవాఖానలో చెప్పారు.

"గదేం బీమారో సార్! జరం లేదు, నొప్పి లేదు, మందు గూడ లేదంట," అని మాసయ్య నన్నే అడిగాడు. నాకు మాత్రం ఏం తెలుసు?

ఆ పిల్లవాడు పలికేవి నాలుగైదు నామవాచకాలు. రొట్టె. అక్క. చెప్పులు. క్రియాపదం లేకపోయినా తెలుగులో వాక్యం వాక్యమేనని ముప్పై ఒక్క సంవత్సరాలు బోధించినవాణ్ణి నేను. 'అతడు నా తమ్ముడు' అన్నదానిలో క్రియ ఎక్కడుంది? ఈ మాట చెప్పినప్పుడు శిల్ప నవ్వింది. బడిలో ఆమె నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. సరే, విషయానికి వస్తాను.

అరుణ్ అక్క పెడితే తప్ప తినడు. జొన్నరొట్టెను ఎనిమిది ముక్కలు చేసి, పళ్లెం అంచు వెంట ఒకదానికొకటి తగలకుండా పేర్చాలి. పప్పు వేరే గిన్నెలో ఉండాలి. ఎడమనుంచి మొదలుపెట్టి వాడు ఏడు ముక్కలు తినేవాడు. ఎనిమిదోది శిల్ప నోట్లో వేసుకొని బడికి పరుగెత్తేది. చాలా రోజులు అదే ఆమె పొద్దుటి తిండి.

దసరా సెలవుల్లో ఆమె తమ్ముణ్ణి వెంటబెట్టుకొని పత్తి విత్తన చేలలో క్రాసింగ్ పనికి వెళ్లేది. మగపూల పుప్పొడిని ఆడపూలకు ఒక్కొక్కదానికే అద్దే పని అది. ఆడవాళ్లు సాళ్లు పట్టి ముచ్చట్లాడుతూ సాగేవారు. ఎవరైనా గట్టిగా నవ్వితే గట్టుమీద కూర్చున్న అరుణ్ చెవులు మూసుకొని అరిచేవాడు. అందుచేత శిల్ప పక్క సాలు ఎవరూ పట్టేవారు కాదు.

"ఏం పిల్లా, నీ పెండ్లినాడు గీన్ని గూడ అరణం ఇస్తరా ఏంది?" అని యాదమ్మ అనే కూలీ ఒకనాడు దూరంనుంచే కేకవేసింది.

"ఇస్తరు పెద్దమ్మా. మోసుకరానీకె నువ్వున్నవ్ గద!"

చేనంతా నవ్వింది. అరుణ్ అరిచాడు. నవ్వులు మరో నాలుగు సాళ్ల అవతలికి జరిగిపోయాయి.

పది తరువాత ఆమెకు వనపర్తిలో డిప్లొమా సీటు, వసతిగృహంలో చోటు వచ్చాయి. బాలమ్మ సంతోషించలేకపోయింది.

"నువ్వు పోతే వీడేం దినాలె బిడ్డా?"

ఆ భయం ఊరికే పుట్టలేదు. అంతకు రెండేళ్ల ముందు శిల్ప జ్వరంతో మంచం పడితే, వాడు మూడు రోజులు మెతుకు ముట్టక సెలైను ఎక్కించుకున్నాడు.

నలభై రోజులు శిల్ప తల్లికి పాఠం చెప్పింది. బాలమ్మకు చదువు రాదు. అందుకని నేను పద్యాలు అప్పజెప్పించుకున్నట్టే, నియమాలన్నీ ఆమెచేత రోజూ అప్పజెప్పించింది. ఎన్ని ముక్కలు, ఏ పళ్లెం, పప్పు ఎక్కడ. మొదట తాను తల్లి పక్కన కూర్చున్నది. తరువాత గడపమీదికి జరిగింది. చివరికి గోడ బయట నిలబడింది. వాడు తిన్నాడు. శిల్ప లోపలికొచ్చి తన ముక్క తిన్నది. అది తన అలవాటే కాని తమ్ముడి నియమం కాదనుకొని, దాన్ని మాత్రం తల్లికి చెప్పలేదు.

ఆమె వనపర్తి చేరాక మూడు రోజులు వాడు నీళ్లే తాగాడు. ఆమె సంచి సర్దుకున్నది. నాలుగో రోజు మాసయ్య ఫోన్ చేశాడు. "తిన్నడు బిడ్డా! నువ్వు రాకు, ఆడ్నే ఉండు."

మొన్న శ్రీరంగాపూర్‌లో స్వామి దర్శనం చేసుకొని, తిరుగుదారిలో వనపర్తిలో దిగి ఆమెను చూశాను. వసతిగృహం ముందు ఒంటరిగా కూర్చొని ఉన్నది.

"నలుగుర్ల కూసొని తినుడు నాకు వస్తలేదు సార్. ఏం మాట్లాడాల్నో తెల్వదు," అన్నది.

అంతలో తల్లి ఫోన్ వచ్చింది. నేనూ వినాలని స్పీకర్ పెట్టింది.

"తింటుండు గని, రోజు ఒక్క ముక్క ఇడిసిపెడుతుండు. ఎంత కసిరినా ముట్టడు. కోళ్లకేస్తున్న."

"కడుపు నిండిందేమో అమ్మా," అని శిల్ప ఫోన్ పెట్టేసింది.

లోపల భోజనాల గంట మోగింది. ఆమె లేవలేదు.

"అది నీ వంతని అమ్మకు చెప్పకపోయావా తల్లీ?" అని అడిగాను.

"చెప్తే నా ముక్క అమ్మ తింటది సార్."