దండ వేసిన ఫొటో

హిందీ మాట్లాడే ఊరు గోవింద్‌పూర్‌లో లారీ విడిభాగాల కార్ఖానాలో కాంట్రాక్టు ఫిట్టరుగా చేసే భీమారావుని మీరు టీవీలో చూసే ఉంటారు. గుర్తుపెట్టుకుని ఉండరు. ఓ హిందీ సీరియల్లో, కథానాయిక ఇంటి హాల్లో, నాలుగేళ్ళుగా గంధపు దండతో వేలాడుతున్న చనిపోయిన తండ్రి ఫొటో అతనిదే.

నటుడవుదామని ముప్పయ్యో ఏట ముంబయి వెళ్ళాడు. ఆరేళ్ళలో రెండుసార్లు వాచ్‌మన్, మూడుసార్లు శవం. ఒక్క వేషానికీ మాట లేదు. కెమెరా ముందు ఒక్క మాటంటే చాలు, జన్మ ధన్యమనుకునేవాడు. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉండేసరికి విసిగిపోయి తిరిగొచ్చి స్పానరు పట్టుకున్నాడు. అప్పట్లో ఏదో ఆఫీసులో ఇచ్చిన ఫొటో, ఒత్తైన జుట్టూ మెలితిప్పిన మీసంతో ఉన్నది, ఇన్నేళ్ళకి గోడెక్కింది. సీరియల్ వాళ్ళు ఫోన్ చేసి అడిగితే సరేనన్నాడు, పాపం.

భార్య కాంతానికి మాత్రం అది ప్రాణసంకటం.

"బతికున్న మనిసికి దండేటండీ?" అని రోజూ టీవీ ముందు కళ్ళు మూసుకునేది.

"అరే మమ్మీ, యాక్టింగ్ హై!" అని కూతురు తనుశ్రీ ఎంత చెప్పినా వినేది కాదు. ఆయనకి ఏ గండమూ రాకుండా చూస్తే తలా మీసం ఇప్పిస్తానని సింహాచలం అప్పన్నకి మొక్కేసింది. ఈ మే నెలలో రైలెక్కించి తీసుకెళ్ళి నున్నగా గీయించింది కూడా. వాదించే ఓపిక లేక భీమారావు తల వంచాడు.

తిరిగొచ్చిన నాలుగో రోజున ముంబయి నుంచి ఫోను. సీరియల్లో తండ్రి బతికున్నప్పటి కథ చూపిస్తారట. ఐదు సీన్లు, అన్నింట్లోనూ మాటలే. భీమారావు కార్ఖానా గేటు దగ్గరే కూలబడి సంతోషంతో ఏడ్చేశాడు. ఆనక తల తడుముకున్నాడు.

"విగ్గు పెట్టుకుంటాను సార్," అని బతిమాలాడు. వీడియో పంపమన్నారు. సోనారి బజారు నుంచి అద్దెకు తెచ్చిన విగ్గు పెట్టి, మీసం అతికించి తనుశ్రీ వీడియో తీసింది. ఎంత సర్దినా ఆ ఫొటోలోని మనిషి రాలేదు. చూసి చెబుతామన్నారు. చెప్పలేదు.

రెండు వారాల తర్వాత ఓ సాయంత్రం సీరియల్ మొదలయ్యేసరికి గోడ మీద ఎవరో కొత్తాయన ఉన్నాడు. దండ పాతదే. కాసేపటికి గతం చూపిస్తూ ఆ కొత్తాయనే నడిచొచ్చి, కూతురి తల నిమిరి, బోలెడు మాట్లాడాడు. గొంతు బాగానే ఉంది, అబద్ధమెందుకు.

కాంతం ఎగిరి గంతేసింది.

"మీ బొమ్మ దింపీసేరండీ! దండ దిగిపోనాది! తండ్రీ అప్పన్నా!"

నీ మొక్కే నా కొంప ముంచిందన్న మాట భీమారావుకి నాలుక చివరి దాకా వచ్చింది. నాలుగేళ్ళ తర్వాత ఆమె కళ్ళు తెరిచి టీవీ చూస్తోంది. ఆ మాట మింగేశాడు.

"అప్పన్న నీ మాటే ఇన్నాడే, కాంతం," అన్నాడు.